ఫెర్మో వేసిన ముద్ర

సోమవారం పొద్దున ఫెర్మో చేసే పని ముప్ఫై ఏళ్లుగా ఒక్కటే. చర్చి వెనక ఖాళీ జాగాలో పాతిన దుంగకి కొత్త కవచాన్ని తగిలించి, నలభై అడుగులు కొలుచుకుంటూ వెనక్కి నడిచి, అడ్డవిల్లు ముక్కుని ఎడమకాలితో నేలకి అదిమిపట్టి, మర తిప్పి తాడు బిగించేవాడు. బాణం వదిలితే కవచం ఠంగుమనేది. బాణం జారి పక్కకి పోతే, ఆ గీతని వేలితో తడిమి చూసుకుని, కవచాన్ని దాగలి మీద పడుకోబెట్టి ఎడమ చంక దగ్గర ఉక్కు అచ్చుతో ముద్ర కొట్టేవాడు. చిన్న కొండ, దాని మీద శిలువ. బాణం దిగితే మాత్రం మారుమాట లేకుండా కొలిమికి తిప్పి పంపేసేవాడు. ఎంత పెద్ద మేస్త్రి చేసిందైనా సరే. సొంత అన్న చేసిన కవచాలు ఏడింటిని ఒకే రోజు వెనక్కి పంపాడని వాళ్ల ఊరు గ్రావేనోలో చెప్పుకునేవారు.

ఆ ముద్ర ఉందంటే మిలాన్‌లోగానీ వెనిస్‌లోగానీ ఇంకెవరూ పరీక్ష పెట్టేవారు కాదు. ఊళ్లో నలభై కొలుములుండేవి. బొగ్గులు కాల్చేవాళ్లు, తోలు పట్టీలు కుట్టేవాళ్లు, లోపలి మెత్తలు కుట్టే ఆడవాళ్లు, అందరూ ఆ చిన్న కొండ మీదే బతికేవారు.

గ్రావేనో కవచాలకి ఒక అలవాటుంది. ఎక్కడ దెబ్బతిన్నా బాగు చేయించుకోడానికి అవే నడిచి ఇంటికొచ్చేస్తాయి. యుద్ధం ముగిసి యజమాని ఒంటి మీంచి విప్పి పక్కన పెట్టాడంటే, తెల్లారేసరికి దారి పట్టేవి. కాళ్లూ చేతులూ ఏమీ ఉండవు. లోపల మనిషి ఉన్నట్టే, మనిషి రొమ్ము ఎత్తున, ఆ యజమాని నడకే నడుస్తూ వచ్చేవి. కుంటివాడి కవచం కుంటుతూ వచ్చేది. తాగుబోతుది దారికి ఆ పక్కా ఈ పక్కా తూలుతూ వచ్చేది. ఏటి మీద వంతెన దగ్గర సుంకంవాడు వాటికి అడ్డుకర్ర ఎత్తి పంపేసేవాడు. సంతరోజున మాత్రం ఆడవాళ్లు విసుక్కునేవారు. "పక్కకి నడవండమ్మా, కోడిగుడ్ల బుట్టలున్నాయి" అని కసిరేవారు. కమ్మరి నొక్కులు తీసి, సానపట్టి, గుమ్మం బయట నిలబెడితే వచ్చిన దారినే మళ్లీ వెళ్లిపోయేవి.

అవి మోసుకొచ్చే దెబ్బల్ని బట్టే లోకంలో యుద్ధం ఎలా మారుతోందో ఊరికి తెలిసేది. ఫెర్మో తాత నాటికి అన్నీ కత్తిగాట్లూ గద నొక్కులే. గుర్రాల మీది దొరలు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుని కొట్టుకున్న రోజులవి. తండ్రి నాటికి అడ్డవిల్లు బాణాలొచ్చాయి. అప్పుడే ఇక్కడి మేస్త్రీలు కవచం రొమ్ముని గుమ్మటంలా ఉబ్బెత్తుగా సాగగొట్టి బాణం జారిపోయేలా చెయ్యడం నేర్చుకున్నారు. ఈ పరీక్షా, ఈ ముద్రా పుట్టింది అప్పుడే. ఆ తరవాత కొండల్లోంచి పొడుగు ఈటెల మూకలు దిగాయి. గుర్రాలు ఆ ఈటెల గోడ మీదికి వెళ్లనంటే దొరలే కిందికి దిగి నిలబడి పోరాడాల్సొచ్చింది. అప్పుడు కవచాలు పొట్ట కింద గీతలతో వచ్చేవి. అక్కడ ఇంకో రేకు వేశారు. ఏ దెబ్బకైనా గ్రావేనో దగ్గర విరుగుడు ఉండేది.

నాలుగేళ్ల కిందట ద్రాక్షకోతలప్పుడు ఒక కవచం వచ్చింది. రొమ్ము నడిమధ్య గుండ్రంగా చిల్లు, రేగుపండు పట్టేంత. అది ఏ కమ్మరి దగ్గరా ఆగలేదు. తిన్నగా ఫెర్మో ఇంటికొచ్చి, వాకిట్లో గుమ్మానికి ఎదురుగా నిలబడింది. కమ్మరి వచ్చి అతుకు వేశాడు. వీధిలో పెట్టాడు. అది కదల్లేదు. మళ్లీ వాకిట్లోకొచ్చి అదే చోట నిలబడింది.

"వెళ్లడానికి అవతల మనిషి ఉండొద్దూ?" అన్నాడు కమ్మరి, సుత్తి సంచీలో వేసుకుంటూ.

ఆ ఏడాది నాలుగొచ్చాయి. మరుసటి ఏడు తొమ్మిది. నాలుగో ఏటికి ఫెర్మో వాకిట్లో ముప్ఫై ఒక్కటి నిలబడ్డాయి. అన్నీ గుమ్మం వైపే తిరిగి. కూతురు ఒర్సీనా వాటి మధ్య తాడు కట్టి బట్టలు ఆరేసేది. ఒకదాంట్లో కోడిపెట్ట పొదిగింది. దారినపోయేవాళ్లు ఎవరూ ఏమీ అడగలేదు. ఫెర్మో మాత్రం పెరటి తలుపులోంచి రాకపోకలు మొదలుపెట్టాడు.

ఆ శీతాకాలం ఊరి మీదుగా పోతున్న ఒంటికన్ను సిపాయి దగ్గర తుపాకి ఒకటి సంపాదించాడు. కర్రకి బిగించిన ఇనుపగొట్టం, అంతే. దాన్నీ, తను ముద్ర కొట్టిన కవచాన్నీ గాడిద మీద వేసుకుని రాళ్లక్వారీకి పోయాడు. కవచాన్ని చెట్టుమొద్దుకి కట్టి, నలభై అడుగులు కొలిచి, మందు దట్టించి వత్తి అంటించాడు. పొగ తగ్గాక దగ్గరికెళ్లి చూస్తే, సీసపు గుండు ముందువైపు రేకులోంచి దూరి, మొద్దులో జానెడు లోతుకి దిగబడి ఉంది. అరవై అడుగుల నుంచి కాల్చాడు. ఎనభై నుంచి కాల్చాడు. చిల్లు ఒకటే తీరు. అడ్డవిల్లుని బిగించడానికి ముప్ఫై ఏళ్లుగా తన నడుం విరిగిపోతోంది. దీనికి బలమే అక్కర్లేదు. ఎవడో ఒకడు వత్తి అంటిస్తే చాలు.

ఆ కవచాన్ని అక్కడే గొయ్యి తీసి పూడ్చేశాడు. తుపాకిని గడ్డివాములో దాచాడు. సోమవారం వచ్చేసరికి అడ్డవిల్లు తీసుకుని చర్చి వెనక్కి వెళ్లాడు. ఆ రోజు ఎనిమిది కవచాలకి ముద్ర కొట్టాడు.

చలి ఇంకా విరగకముందే ఒక ఆడమనిషి వచ్చింది. ముప్ఫై రెండో కవచం వంతెన దాటి వస్తుంటే దాని వెనకాలే నడిచొచ్చింది. కాళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. కవచం కుడి భుజం కాస్త ముందుకి తోసి నడుస్తోంది. అది వాకిట్లోకొచ్చి మిగతావాటి పక్కన నిలబడగానే, ఆమె గుమ్మంలో కూలబడింది. ఒర్సీనా సజ్జగంజి తెచ్చిచ్చింది.

"నా పేరు రికెల్ద. ఇది మా ఆయన నడక" అంది ఆమె, గంజి తాగాక. "పదకొండు రోజుల్నించీ దీని వెనకాలే వస్తున్నా. ఎక్కడికి పోతోందో చూద్దామని. నువ్వేనా అయ్యా, ముద్ర కొట్టేది?"

"నేనే" అన్నాడు ఫెర్మో.

"దాని అర్థం ఏమిటో చెప్తావా? నాకు చదువు రాదు."

"అడ్డవిల్లు బాణం దిగదని."

"అంతేనా?"

"అంతే."

ఆమె కాలికి చుట్టిన పీలిక సరిచేసుకుంది. "మా ఊరివాళ్లు ఆరుగురు తోలుకోట్లు వేసుకుని వెళ్లారు. అవతల పొగ లేవగానే వాళ్లు గోతిలో బోర్లా పడుకున్నారట. ఆరుగురూ తిరిగొచ్చారు. మా ఆయన పడుకోలేదు. 'నాకేంట్రా, గ్రావేనో ముద్ర ఉంది' అన్నాట్ట. ఆ మాట అన్నాడని వాళ్లే చెప్పారు." తల ఎత్తి అతని మొహంలోకి చూసింది. కోపంగా కాదు, దారి తెలీనివాళ్లు దారి అడిగినట్టు. "కవచం లేకపోయుంటే పడుకునేవాడే కదయ్యా?"

ఫెర్మో ఖాళీ గంజి గిన్నె అందుకుని లోపలికి తీసుకెళ్లాడు. ఆమె రెండు రోజులు వాళ్లింట్లోనే ఉండి, మూడో రోజున ఆ కవచాన్ని ఒకసారి తలగుడ్డ కొసతో తుడిచి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి అతనికి ముద్ర కొట్టినప్పుడల్లా ఆ మాటే వినిపించేది. అయినా కొడుతూనే ఉన్నాడు.

వసంతంలో పెద్ద బేరం వచ్చింది. మైదానంలోని ఒక దొర కొత్త దండు కడుతున్నాడు, మూడొందల కవచాలు కావాలన్నాడు. నలభై కొలుములూ రెండు నెలలు మండాయి. ఫెర్మో కమ్మర్ల సంఘం పెద్ద బస్సియానో దగ్గరికి వెళ్లాడు. బస్సియానో మంచివాడే. కరువొచ్చినప్పుడు తన గాదె తీసి ఊరికి పెట్టినవాడు. ఆ వేళ ఇంటి ముందు కూర్చుని చెస్ట్‌నట్ కాయలు ఒలుచుకు తింటున్నాడు.

"ఈ మూడొందలూ తుపాకితో పరీక్షిద్దాం" అన్నాడు ఫెర్మో.

బస్సియానో నములుతూ ఆగాడు. "నువ్వు ముందే చేసి చూశావు కదూ?"

ఫెర్మో తల దించుకున్నాడు.

"నేనూ చేశాలే. రెండేళ్లైంది" అన్నాడు బస్సియానో. "కూర్చో. గుండు ఆగాలంటే రేకు రెండింతలు మందం ఉండాలి. అది వేసుకున్నవాడు గుర్రం ఎక్కలేడు, దిగలేడు, గోతిలో పడితే లేవలేడు. ఎవడు కొంటాడు? నలభై కొలుములు ఆరిపోతే వీళ్లందరికీ ఏం పెడతావు, మీ ఇంట్లో గంజా?"

"మరి ముద్ర?"

"ముద్ర ఏం చెబుతోంది? బాణం దిగదంటోంది. దిగిందా? నీ జన్మలో ఒక్క అబద్ధపు ముద్ర కొట్టావా? లేదు. ఇప్పుడూ కొట్టడం లేదు. వాళ్లు దాన్ని ఇంకోలా అనుకుంటే మనమేం చేస్తాం?"

ప్రతి మాటా నిజమే. ఇంటికి పోయేదారిలో, దొనీనా కొట్టు ముందు ఆగి రొట్టె తీసుకున్నాడు. ఆమె ఊరికి రొట్టెలు కాల్చే విధవరాలు. ఒక్కడే కొడుకు, బెత్తీనో.

"విన్నావా అన్నయ్యా, మావాడు కూడా దండులో పేరిచ్చాడు. మీ అల్లుడే ఎక్కించాడు వాడి బుర్రకి" అంది దొనీనా, నవ్వుతూనే. "పోనీలే, ఒంటి మీద నీ ముద్ర ఉంటుంది. అదొక్కటే నాకు ధైర్యం."

ఫెర్మో రొట్టె చంకలో పెట్టుకుని వచ్చేశాడు. మిగిలిన చిల్లర తీసుకోవడం కూడా మర్చిపోయాడు.

ఊరి నుంచి పన్నెండు మంది కుర్రాళ్లు పేర్లిచ్చారు. వాళ్లలో ఫెర్మో అల్లుడు, ఒర్సీనా మొగుడు జానెత్తో ఒకడు. కవచాలకి సానపట్టే పని చేసేవాడు, వెడల్పాటి మనిషి, వీధిలో నడుస్తుంటే రెండు భుజాలూ ఊపుకుంటూ మొత్తం వీధి తనదే అన్నట్టు నడిచేవాడు. ఒర్సీనా అతని నడక చూసే మనసుపడిందని ఊళ్లో ఆటపట్టించేవారు.

"అల్లుడూ, ఒక్క మాట" అన్నాడు ఫెర్మో, ఒకరోజు భోజనాల దగ్గర. "అవతల వత్తి కాలిన వాసనొస్తే బోర్లా పడుకో. సిగ్గుపడకు."

జానెత్తో పగలబడి నవ్వాడు. "బాగుంది మావయ్యా! ముద్ర కొట్టేదీ నువ్వే, పడుకోమనేదీ నువ్వే. రొట్టెలామె తన రొట్టె తినొద్దన్నట్టుంది."

"నే చెప్పేది విను."

"వింటాలే. నీ మాట వినకపోతే నీ కూతురు ఊరుకుంటుందా?" అని ఇంకో గరిటె పప్పు వేసుకున్నాడు. విన్నట్టు మాత్రం లేదు.

మూడొందల కవచాలూ పరీక్ష దాటాయి. మూడొందల ముద్రలు కొట్టాడు ఫెర్మో. వాటిని సంఘం కొట్టులో వరసగా పెట్టి, ఎవరి కొలతకి తగ్గది వాళ్లకి కేటాయించి, ఊరి కుర్రాళ్లవి పన్నెండూ విడిగా గోడవార నిలబెట్టారు. ఆ ఆదివారం ఊరంతా ప్రార్థనకి వెళ్లింది. దండు క్షేమంగా తిరిగి రావాలని ప్రత్యేకంగా పెట్టించిన ప్రార్థన. ఫెర్మో కడుపునొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోయి, కొట్టు తాళం తీసుకుని వెళ్లాడు.

జానెత్తో కవచం లోపలి మెత్త కుట్లు విప్పి, చంక కింద, ఎవరి కంటా పడని చోట, బర్మా పెట్టి చిల్లు తొలిచాడు. గోధుమగింజ పట్టేంత. దెబ్బ దెబ్బే. ఒకసారి ఒంటి మీదికెక్కి దిగితే చాలు, కవచం ఇంటిదారి పడుతుంది. అల్లుడికి రొమ్ము మీద రేకు లేకుండా పోతుంది. రేకు లేనివాడు పడుకుంటాడు. చిల్లుకి మైనం పూసి, మెత్త మళ్లీ కుట్టేశాడు.

పక్కనే బెత్తీనోది ఉంది. దాని పక్కన సంఘం లెక్కలు రాసే ముసలాయన మనవడిది. ఆ పక్కన ఇంకొకరిది. చర్చిలో పాట ఇంకా సగంలోనే ఉంది. ఒక్కో చిల్లుకి పట్టే సేపు ఎంతో అతనికి తెలుసు. నాలుగు చెయ్యొచ్చు, అయిదు కూడా చెయ్యొచ్చు. బర్మా ఇంకా చేతిలోనే ఉంది. ఒక్క కవచం దండు వదిలి వచ్చేస్తే, ఏదో లోపమనుకుంటారు. అయిదు వస్తే అయిదూ విప్పి చూస్తారు. అప్పుడు అందరి కళ్లూ అతని మీద పడతాయి.

బర్మాని చొక్కా కింద దోపుకుని, తాళం వేసి వచ్చేశాడు. చర్చిలో పాట ఇంకా అవలేదు.

దండు వెళ్లిపోయింది. కవచాలు బండ్ల మీద, కుర్రాళ్లు కాలినడకన. దొనీనా ఒక్కొక్కడి చేతిలోనూ వేడి రొట్టె పెట్టి పంపింది.

మూడు వారాల తరవాత, ఒకరోజు పొద్దున ఒర్సీనా నీళ్లకి వెళ్లి, బిందె వదిలేసి పరుగున ఇంటికొచ్చింది. ఆమె వెనకాలే వీధిలో కవచం వస్తోంది. భుజాలూపుకుంటూ, మొత్తం వీధి తనదే అన్నట్టు.

ఒర్సీనా గుమ్మానికి అడ్డంగా పడిపోయింది. ఆమె ఏడుపు విని నాలుగిళ్లవాళ్లు వచ్చారు. ఫెర్మో వాళ్లని పంపించేసి, కూతుర్ని లేవదీసి, "చావలేదే. చావలేదు. చూడు, ముందు చిల్లు లేదు" అన్నాడు.

ఆమె ఏడుపు ఆపి చూసింది. రొమ్ము నున్నగా ఉంది. చుట్టూ తిరిగి చూసింది. మెత్త కుట్లు వేళ్లతో తడిమింది. అవి తను వేసిన కుట్లు కావు. ఒర్సీనా ఊళ్లో అందరికన్నా బాగా కుట్టేది. దారం పీకి, మెత్త ఎత్తి, ఆ సన్న చిల్లు చూసింది. మైనం చూసింది. మోకాళ్ల మీద కూర్చునే తండ్రి వైపు తిరిగింది.

"ఇది నీ బర్మా పనే కదూ నాన్నా?"

"అవును."

"అంటే నీకు తెలుసు."

"తెలుసు."

ఆమె లేచి నిలబడింది. మొహంలోకి సంతోషం వచ్చింది, ఆ వెంటనే అది వచ్చినందుకు భయపడ్డట్టు చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. "మరి బెత్తీనోది?"

ఫెర్మో గోడ వైపు చూశాడు.

"నాన్నా, బెత్తీనోది?"

జవాబు రాకపోయేసరికి ఆమె దొడ్లోకెళ్లి గాడిదని విప్పింది. కవచాన్ని దాని వీపు మీద కట్టింది. "నేను పోతా. వాళ్లకి ఈ చిల్లు చూపిస్తా. విప్పేసి పారేయమంటా" అంది. ఫెర్మో ఆపలేదు, వెంట వెళ్లనూ లేదు. గుమ్మంలో నిలబడి చూస్తుండిపోయాడు.

ఒర్సీనా ఊరి వంతెన వరకూ వెళ్లింది. అక్కడ సుంకంవాడు అడ్డుకర్ర పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. దించడం లేదు. ఏటి అవతల దారి మలుపులోంచి కవచాలు వస్తున్నాయి, రెండేసి, మూడేసి, ఎండకి మెరుస్తూ. అన్నీ కొత్తవి. అన్నింటికీ నడిమధ్య చిల్లు. ఒర్సీనా గాడిదని పక్కకి లాగి దారి ఇచ్చింది. వంద దాకా లెక్కపెట్టి మానేసింది.

అవి ఫెర్మో వాకిలి నిండి, సందు నిండి, చర్చి వెనక ఖాళీ జాగా నిండేదాకా వచ్చాయి. ఊళ్లో కొలుములు ఒక్కొక్కటీ ఆగాయి. తల్లులు గుమ్మాల్లోకొచ్చి నిలబడ్డారు. కవచాలకి మొహాలుండవు కాబట్టి నడకలు చూస్తున్నారు. తొమ్మిది ఇళ్ల ముందు తొమ్మిది మంది నడక గుర్తుపట్టారు. దొనీనా పిండి చేతులతోనే బయటికొచ్చింది. కొంచెం తల వంచినట్టు, ఎవరికీ అడ్డం రాకుండా గోడవారగా నడిచే కవచం ఒకటి ఆమె ముందు నుంచి వెళ్లింది. ఆమె దాని వెనకాల నాలుగడుగులు వేసి, ఆగిపోయి, మళ్లీ లోపలికెళ్లిపోయింది.

వారం తరవాత జానెత్తో నడిచొచ్చాడు. భుజాలు ఊగడం లేదు. ఒర్సీనా పట్టుకుంటే పట్టుకోనిచ్చాడు. గంజి పెడితే తాగాడు. తరవాత మామకేసి చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

"ముందురోజు వేసుకుని చూసుకున్నాం. పొద్దున లేచేసరికి నాది లేదు. అందరూ నవ్వారు. కవచం లేనోళ్లని గోతులు తవ్వమన్నాడు నాయకుడు. నేను తవ్వుతున్నా. ఆయన అరిచాడు, 'గ్రావేనో ముద్ర ఉన్నవాళ్లు ముందు వరసలోకి రండి' అని. వెళ్లారు. బెత్తీనో వెనక్కి తిరిగి నాకేసి చెయ్యి ఊపాడు. అవతల మనుషులే కనబళ్లేదు మావయ్యా. మట్టికట్ట ఒకటి, దాని మీంచి గొట్టాలు. ఒక జపం సగం చెప్పేలోగా అయిపోయింది. మా దొర కొడుకు చిన్నప్పట్నించీ కత్తి నేర్చుకున్నాట్ట. కత్తి పూర్తిగా దూయనే లేదు. తరవాత కట్ట వెనకాల్నించి లేచినవాళ్లని చూశాను. నేతపనివాళ్లు. మన ఊరివాళ్లలాంటివాళ్లే. వాళ్లు కూడా భయపడిపోయి చూస్తున్నారు, ఇదంతా మేమే చేశామా అని."

గిన్నె కింద పెట్టాడు. "నాదొక్కటే ఎందుకెళ్లిపోయింది?"

ఫెర్మో చెప్పాడు. రాళ్లక్వారీ నుంచి ఆదివారం దాకా, చర్చిలో పాట ఇంకా మిగిలుండగానే వచ్చేశానన్నదాకా చెప్పాడు. ఏదీ దాచలేదు.

"నాకొక్కడికే" అన్నాడు జానెత్తో.

"నీకొక్కడికే."

జానెత్తో లేచి బయటికెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి అతను ఫెర్మోతో ఒకే బల్ల దగ్గర కూర్చుని తినలేదు. కృతజ్ఞత లేక కాదు. ఒర్సీనా ఒకసారి అడిగితే, "ఆయన మొహం చూస్తే బతికున్నందుకు సిగ్గేస్తోంది" అన్నాడట.

సోమవారం వచ్చింది. ఖాళీ జాగాలో నిలబడ్డ కవచాల మధ్య దుంగ దాకా సన్నటి దారి మాత్రమే మిగిలింది. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఫెర్మో గడ్డివాములోంచి తుపాకి తీసుకొచ్చాడు. బస్సియానో అది చూసి ముందుకొచ్చి, మళ్లీ ఏమనుకున్నాడో పక్కకి జరిగాడు. ఫెర్మో కొత్త కవచం తగిలించి, నలభై అడుగులు నడిచి, వత్తి అంటించాడు. పొగ పోయాక, దుంగ దగ్గరికెళ్లి, కవచం తీసి చిల్లు అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాడు.

"నాకిది కిందటి శీతాకాలమే తెలుసు" అన్నాడు. "తెలిసి మూడొందలకి ముద్ర కొట్టాను. మా అల్లుడి కవచానికి మాత్రం చిల్లు పెట్టి ఇంటికి రప్పించుకున్నాను."

ఎవరూ అరవలేదు. ఒక రాయి మాత్రం వచ్చి అతని భుజానికి తగిలింది. విసిరిందెవరో అతను చూడలేదు. ముద్ర అచ్చుని దగ్గరలో ఉన్న కొలిమిలో పడేసి, అది ఎర్రబడి, మెత్తబడి, ఆ చిన్న కొండ కరిగి చదునయ్యేదాకా తిత్తి తనే ఊదాడు.

తరవాత గ్రావేనో చాలా మారింది. సగం కొలుములు నాగళ్లకీ వంటపాత్రలకీ మళ్లాయి. కొన్ని చల్లారిపోయాయి. నాలుగు మాత్రం తుపాకి గొట్టాలు చెయ్యడం మొదలుపెట్టాయి, వాటికే బేరం ఎక్కువ. ఊరు ఫెర్మోని వెలివెయ్యలేదు. కానీ అతనికి ఎదురొచ్చినవాళ్లు ఏదో గుర్తొచ్చినట్టు పక్కసందులోకి తిరిగేవారు.

తొమ్మిది ఇళ్లకీ వెళ్లి తనే నోటితో చెప్పాలనుకున్నాడు. ఎనిమిది ఇళ్లకి వెళ్లాడు. ఒక ఇంట్లో తిట్టారు. ఒక ఇంట్లో తలుపు తియ్యలేదు. ఒక ముసలాయన వైను పోసి ఇచ్చాడు, అదే అన్నింటికన్నా కష్టమైంది. దొనీనా ఇంటిని చివరికి మిగుల్చుకున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం, కొట్టులో ఎవరూ లేని వేళ చూసి వెళ్లాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. సన్నబడిపోయింది.

"చెల్లెమ్మా" అన్నాడు గుమ్మంలోంచే.

"చెప్పు."

"అందరికీ చెప్పినట్టే నీకూ చెప్పడానికొచ్చాను. నాకు తెలిసే..."

"అన్నీ విన్నానులే. ఆ రోజు నేనూ ఉన్నాను అక్కడ" అంది దొనీనా. లేచి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఒకటే అడుగుతాను. మావాడి కవచం ఎక్కడుంది, నువ్వు చిల్లు పెట్టేటప్పుడు?"

"పక్కనే."

"పక్కనే అంటే?"

ఫెర్మో చెయ్యి చాచి, తనకీ తలుపు చెక్కకీ మధ్య ఉన్న దూరం చూపించాడు. చెయ్యి అందేంత.

దొనీనా ఆ చేతి వైపే చూసింది. "ఇంకొక్కటి పెట్టలేకపోయావా అన్నయ్యా?"

అతని చెయ్యి అలా చాచినట్టే ఉండిపోయింది. లోపల పొయ్యిలో రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరికీ తెలుస్తోంది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.